దక్షిణం చూడకూడని పడవ

సుభద్ర అనే పడవ దక్షిణం వైపు ముఖం తిప్పితే ఆ చుట్టుపట్ల ఎవరో ఒకరి ప్రాణం పోతుందన్న సంగతి గోదావరి పాయకు ఇవతలి ఒడ్డున నమ్మనివారు లేరు. అవతలి ఒడ్డున అసలే లేరు. నిదర్శనం అడిగినవారికి మూడు చావులు సిద్ధంగా ఉండేవి. సుభద్రను నడిపిన సరంగు పచ్చకామెర్లతో తన మంచం మీదే పోయాడు. టిక్కెట్ల గుమాస్తా ఒక పెళ్లిలో రెండో విడత గారెలు వడ్డించుకుని గుండె పట్టుకున్నాడు. మూడో ఆయన జలయాన శాఖ ఇంజనీరు. రేవుకు ఎంతో దూరాన ఉన్న జిల్లా కేంద్రంలో తన మేడమీద టీవీ యాంటెన్నా సరిచేస్తూ జారిపడ్డాడు. ఆ క్షణాల్లో పడవ ఎటు చూస్తున్నదో కళ్లారా చూసినవారు ఎవరూ లేరు. “చచ్చాడంటే అది చూసే ఉంటాది గదా” అన్నదే తర్కం. ఈ తర్కానికి ఒక సుగుణముంది: ఇది ఎన్నటికీ ఓడిపోదు.

ప్రజలు నమ్మినదాన్ని ప్రభుత్వం నమ్మకపోవడం ప్రజాస్వామ్యానికి శోభించదు. కాబట్టి మూడో చావు తరువాత జలయాన శాఖవారు సుభద్రను ఒడ్డుకు లాగించి, ముక్కుకు ఒక గొలుసు, తోకకు ఒక గొలుసు వేసి, ఖచ్చితంగా ఉత్తరం చూసేటట్టు బిగించారు. కొన్నేళ్ల తరువాత పడవ పుచ్చిపోయిందని గ్రహించి, వంటచెరకు కింద వేలం వేశారు.

వేలానికి వచ్చినవారిలో నోరు విప్పినది పెమ్మాడి కాసులమ్మ ఒక్కతే. మొండిలంకకూ కోటరేవుకూ మధ్య పడవ వేసే హక్కు మామగారి కాలం నుంచి ఆ ఇంటివారిది. భర్త పోయాక చుక్కాని ఆమె చేతికి వచ్చింది. అయితే నిరుడు వరదల ఎర్రనీరు తగిలిన వారానికే వారి పాత పడవ అడుగు ఊడిపోయింది. ఎండాకాలంలో పోటు తగ్గి పాటు తీసినప్పుడు మోకాలిలోతు నీళ్లలో నడిచి పాయ దాటవచ్చు గాని, ఆషాఢంలో గోదావరి ఎర్రబడిందంటే మళ్లీ కార్తికం దాకా పడవ లేని లంక జైలే. నిరుడు తోటికోడలు మంగాయమ్మ పెద్దకోడలిని పురిటినొప్పులతో అరటిబోదెల తెప్ప మీద దాటించారు. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఈ ఏడు మంగాయమ్మ చిన్నకోడలికి ఆషాఢంలోనే నెలలు నిండుతాయి.

“తల్లీ, మూడోసారి కొట్టేముందు ఇంకోసారి ఆలోచించుకో,” అన్నాడు వేలం గుమాస్తా, సుత్తి గాలిలోనే ఆపి. “ఇది దక్షిణం చూసిందంటే...”

“చూడ్డానికి దానికి కళ్లున్నాయేటండీ? కొట్టండి.”

కట్టెల ధరకు పడవ వచ్చింది. కోటరేవు ఒడ్డునే తాటాకుల పందిరి వేయించి, పోలయ్య మేస్త్రిని పిలిపించింది. మేస్త్రి పడవ చుట్టూ తిరిగి, పలక పలకనూ వేలి కణుపులతో తట్టి, చివరికి చుట్ట వెలిగించాడు.

“అడుగు పలకలు బెల్లప్పాకంలా ఉన్నాయి అప్పా. దూలాలు మాత్రం ఏనుగు ఎముకలే. మద్దిచెక్క కావాల.”

“ఎన్నాళ్లు పడతాది?”

“ఎర్రనీరు ఎప్పుడొత్తాదో నువ్వు చెప్పు, దానికి ముందురోజు అప్పగిత్తాను.”

మంగాయమ్మ మాత్రం పందిరి లోపలికి రాలేదు. గట్టు మీదే నిలబడి ముక్కున వేలేసుకుంది. “తెచ్చితెచ్చి మృత్యువుని తెచ్చావు గదే అక్కా!”

“మృత్యువు నిరుడే వచ్చెల్లింది మంగా, పడవ లేదని తెలిసి. ఇప్పుడు తెచ్చింది దానికి విరుగుడు.”

కాసులమ్మ అలా అన్నదే గాని, ఆమె కూడా ఆ ఒడ్డున పుట్టి పెరిగిన మనిషే. పడవకు రంగు వేయించేటప్పుడు ముక్కు ఉత్తరానికే ఉండేటట్టు ఓ కంట కనిపెట్టి చూసింది. నమ్మకం లేకపోవడం ఒకటి, భయం లేకపోవడం ఇంకొకటి.

మేస్త్రి మాట నిలబెట్టుకున్నాడు. జ్యేష్ఠం నడుస్తుండగానే కొత్త పలకలు కూర్చి, సందుల్లో నూలుపీచు, గుగ్గిలం దట్టించి, ఒక్క మూల సందు మాత్రం మిగిలిందనగా శాఖ నుంచి తాఖీదు వచ్చింది.

ఇక్కడ శాఖ గురించి కొంత చెప్పాలి. అంతకు రెండేళ్ల కిందట రాజధానిలో ఒక పెద్ద అధికారి తన ఇంటి వీధిగుమ్మాన్ని మూసి పక్కగోడలో గుమ్మం తీయించుకున్నాడు. నెల తిరగకుండా ఆయనకు పదోన్నతి వచ్చింది. ఆ వరుసలో ఆయనే సీనియరు అన్న సంగతి ఎవరికీ ముఖ్యంగా తోచలేదు. అప్పటినుంచి కార్యాలయాల గుమ్మాలన్నీ స్థానభ్రంశం చెందాయి. తరువాత బస్సు స్టాపులకూ, మరుగుదొడ్లకూ, నీళ్ల ట్యాంకులకూ వాస్తు ధ్రువీకరణ వచ్చింది. భూమ్మీద మార్చడానికి ఇంకేమీ మిగలకపోయేసరికి శాస్త్రం నీళ్లలోకి దిగింది. ఆ విధంగా జలయాన వాస్తు ధ్రువీకరణ విభాగం అవతరించింది. ధ్రువీకరణ లేని పడవను నడిపినవారికే కాదు, ఎక్కినవారికి కూడా జైలుశిక్ష అని దాని మొదటి ఉత్తర్వు.

విభాగానికి సహాయ సంచాలకులు చింతలూరి విశ్వపతిరావు గారు. ఆయన కుర్చీ ఉత్తరం చూసేది. అందువల్ల వచ్చినవారికి ఆయన వీపు కనబడేది. కాసులమ్మ ఆ వీపుకే నమస్కారం పెట్టింది.

“ఈ నౌకకు సింహద్వారం ఏ దిశయందున్నది?” అని వీపు ప్రశ్నించింది.

“పడవకి గుమ్మం ఎక్కడుంటాదండీ బాబుగారూ?”

“ముక్కునే సింహద్వారముగా పరిగణించవలెనని మూడవ ఉత్తర్వులో విశదీకరింపబడినది. ముక్కు ఏ దిశయందున్నది?”

“ఎటు తిప్పితే అటుంటాదండి.”

విశ్వపతిరావు గారి కలం ఆగింది. ఆయన మొదటిసారిగా మెడ తిప్పి చూశారు. “అట్టి చంచల స్వభావము గల కట్టడమును విభాగము అంగీకరింపజాలదు. ముఖము తూర్పుననో ఉత్తరముననో స్థిరముగా నుండవలెను.”

“మా లంక నుంచి కోటరేవుకి వచ్చేటప్పుడు తూర్పే చూత్తాదండి.”

“సంతోషము.”

“తిరిగి ఎల్లేటప్పుడు పడమర చూడాల గదండీ.”

“అవసరమేమి? ముఖము తూర్పుననే యుంచి వెనుకకు పోవలెను.”

“ఇంటికెవరన్నా వెనక్కి నడిచి ఎల్తారేటండీ?”

“నడక విషయమై విభాగము ఇంకను ఉత్తర్వులు వెలువరింపలేదు,” అన్నారు విశ్వపతిరావు గారు, ఆలోచనలో పడుతూ. ఆ ఆలోచన తన మూలంగా వచ్చినందుకు కాసులమ్మ దారి పొడుగునా చెంపలు వేసుకుంది.

మరి నాలుగు రోజులకు నౌకావాస్తు విశారద కొండూరి దివాకరం గారు తనిఖీకి వచ్చారు. నిన్నమొన్నటి దాకా ఆయన అపార్టుమెంట్లకు సలహాలిచ్చేవారు. నీటి సంబంధమైన అనుభవం బాత్రూములకు పరిమితం. ఆయన దిక్సూచిని అరచేతిలో పెట్టుకుని సుభద్రలోకి దిగి, మొదటే ఒక మూల చతికిలబడి, తన్మయత్వంతో కళ్లు మూసుకున్నారు. అది మేస్త్రి ఇంకా పూడ్చని మూల. తనిఖీకని ముక్కు తూర్పుకు పెట్టి పడవను నీటిలో తేల్చేసరికి అందులోంచి సన్నగా నీరు ఊరుతోంది.

“ఈశాన్యమున జలము! ఆహా! పూర్వపు నిర్మాతల ప్రజ్ఞ చూచితిరా!”

“ప్రజ్ఞ కాదండి, చిల్లండి,” అన్నాడు పోలయ్య. “రేపు పూడ్చేత్తాను.”

“పూడ్చితివా, ధ్రువీకరణ మాట మరచిపొమ్ము. ఈశాన్యమున జలము, ఆగ్నేయమున అగ్ని, నైరుతిన బరువు. ఈ మూడును లేని నౌక నౌకయే కాదు.”

“అగ్ని అంటే?” అంది కాసులమ్మ.

“కుంపటి చాలును. ఆరకుండ చూడవలెను.”

మేస్త్రి కాసులమ్మ వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు: “అప్పా, నలభై ఏళ్లుగా పడవలు కడుతున్నాను. మునిగిపోయే పడవ చూశాను, కాలిపోయే పడవ చూశాను. రెండూ ఒకేసారి చేసే పడవని సర్కారోళ్లే కనిపెట్టారు.”

చిల్లు చిల్లుగానే ఉండిపోయింది. కుంపటి వచ్చింది. పరీక్షా ప్రయాణం జరిగేదాకా పడవ దక్షిణం చూడకుండా శాఖవారు దానికి మళ్లీ రెండు వైపులా గొలుసులు వేసి, తాళం తమ దగ్గర పెట్టుకున్నారు. పరీక్ష తేదీ మాత్రం మంచిరోజు కోసం జరుగుతూ పోయింది. జ్యేష్ఠం అయిపోయింది. పైన ఎక్కడో వానలు పట్టాయని రేడియో చెప్పింది. మంగాయమ్మ చిన్నకోడలికి కాళ్లు నీరు పట్టాయి.

“ఒసే అక్కా, తాళం బద్దలు కొట్టేద్దామే,” అంది మంగాయమ్మ. ఆమె భయం దిశ మార్చుకుంది. ఇప్పుడు అది దక్షిణం నుంచి కాక పడమటి నుంచి, తన ఇంట్లోంచి వస్తోంది.

“కొడితే నన్ను జైలుకి తోలి పడవని మళ్లీ లాక్కుంటారు. కొన్నది వాళ్ల దగ్గర. తిరిగి వాళ్లకే ఇచ్చేత్తామా?”

చివరకు మంచిరోజు దొరికింది. విశ్వపతిరావు గారు, దివాకరం గారు భోజనానికి మొండిలంకకు విచ్చేస్తామని కబురు పెట్టారు. బరువు కోసం లంకవాళ్లలో పుష్టిగా ఉన్న పదిమందిని తెమ్మన్నారు.

ప్రయాణం ఘనంగా మొదలైంది. ముక్కు తూర్పున కోటరేవు వైపే ఉంచి, తోక ముందు నడవగా, సుభద్ర లంక వైపు వెనక్కి పోసాగింది. తెడ్లవాళ్లు తాము వెళ్లే చోటును చూడకుండా, వదిలివచ్చిన చోటును చూస్తూ, దానికి దూరమయ్యేటట్టు తెడ్లు వేశారు. ప్రయాణికులందరూ నైరుతి మూల ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నారు. అంత బరువు అటు పడేసరికి ఈశాన్యపు మూల పైకి లేచింది, చిల్లు నీళ్లలోంచి బయటకు వచ్చింది, ఊట ఆగిపోయింది.

“దోషము!” అని కేక వేశారు దివాకరం గారు. “ఈశాన్యమున జలము లేదు!”

“బరువు ఇటున్నాక నీళ్లు అటెలా వత్తాయండీ?” అంది కాసులమ్మ.

“బక్కెట్టుతో పోయించుము,” అన్నారు విశ్వపతిరావు గారు.

పోయించారు. అలా పోసిన నీరు పడవ వాలును అనుసరించి సరాసరి నైరుతికి పరుగెత్తి, సహాయ సంచాలకుల వారి పంచె తడిపింది. అంతలో నడుమ ఇసుక మేట దగ్గర ప్రవాహం తగిలి పడవ కొద్దిగా తిరిగింది. దిక్సూచిలో ముల్లు కదిలింది. నిమిషం కిందటి ఈశాన్యం ఇప్పుడు ఉత్తరమైంది, ఆగ్నేయం తూర్పైంది, నైరుతి ఎవరికీ దొరకలేదు. దివాకరం గారు దిక్కులు పిలుస్తుంటే జనం, బక్కెట్టు, కుంపటి ఆ క్రమంలో పడవ చుట్టూ ప్రదక్షిణం చేశాయి. ఒక బొగ్గుకణిక జారి చాప అంటుకుంది. ఆ మంటను ఆర్పింది కూడా బక్కెట్టు నీళ్లే. ఆ విషయాన్ని దివాకరం గారు “అగ్నిజల సామరస్యము” అని రాసుకున్నారు.

లంక ఒడ్డుకు చేరేసరికి ఇద్దరు అధికారులూ సముద్రయానం చేసినవారిలా దిగి, కాసేపు చెట్లు పట్టుకుని నిలబడ్డారు. కాసులమ్మ రొయ్యల వేపుడు, మామిడికాయ పప్పు చేయించింది. రెండో వాయి వడ్డిస్తుండగా, గట్టు మీదనుంచి మంగాయమ్మ కేక వినబడింది.

“ఎర్రనీరొచ్చేసింది రోయ్!”

ఆనకట్ట తలుపులెత్తినట్టున్నారు. ఉదయం నల్లగా నిలకడగా ఉన్న పాయ ఇప్పుడు ఇటుకపొడి కలిపినట్టుగా, తుంగదుబ్బులు, కొమ్మలు, ఎవరిదో కొట్టుకుపోయిన పాక కప్పు మోసుకుంటూ దక్షిణానికి ఉరుకుతోంది. విశ్వపతిరావు గారు చేయి కడుక్కోకుండానే రేవుకు వచ్చారు.

“మేము తక్షణము ఆవలి ఒడ్డుకు పోవలెను.”

“పడవ ఉందండి,” అంది కాసులమ్మ. “పరీక్ష అయిపోయింది, ధ్రువీకరణే ఇంకా లేదు. అది లేని పడవ నడిపినోళ్లకీ ఎక్కినోళ్లకీ జైలని మీరే రాశారు గదండీ. నాదంటే సరే. మీలాంటి పెద్దోళ్లని జైలుకి పంపిన పాపం నాకెందుకండీ?”

విశ్వపతిరావు గారు దివాకరం గారిని చూశారు. దివాకరం గారు నీళ్లను చూశారు.

“మరి... ఇక్కడే బస చేయవలసి వచ్చినచో?”

“నిక్షేపంలా ఉండొచ్చండి. కార్తిక పున్నమికల్లా నీరు తీత్తాది.”

కొంతసేపటికి విభాగపు ముద్ర సంచిలోంచి బయటపడింది. ఉత్తర్వుల అవసరం ఉన్నచోట అధికారులు ముద్ర మరిచిపోయి రారు.

“సరే. ధ్రువీకరణ ఇచ్చుచున్నాము,” అన్నారు విశ్వపతిరావు గారు.

“ఈ నీటిలో చిల్లుతో దాటలేమండి. పూడుత్తామని రాయండి.”

దివాకరం గారు, చుట్టూ వరద ఉన్నప్పుడు ఈశాన్యమున కూడా జలము ఉన్నట్లే గనుక పడవ లోపల ప్రత్యేకముగా అవసరము లేదని తీర్పిచ్చారు. పోలయ్య అప్పటికే గుగ్గిలం కాచడం మొదలుపెట్టాడు. కుంపటి దానికి పనికివచ్చింది.

“బరువని మూలకి చేరొద్దండి, అందరూ నడుమ కూకోవాల,” అంది కాసులమ్మ.

“రాయుము.”

“ఇంకోటండి. ఈ ఉరవడిలో అడ్డంగా పోతే మేటకి కొడతాది. మేట దిగువ కొస చుట్టి రేవులోకి ఎక్కాల. దక్షిణం తిప్పాలండి.”

లంకవాళ్లు కూడా ఒక అడుగు వెనక్కి వేశారు. విశ్వపతిరావు గారి ముఖంలో సరంగు, గుమాస్తా, ఇంజనీరు వరుసగా మెరిసి మాయమయ్యారు.

“వేరొక మార్గము లేదా?”

“ఉందండి. కార్తిక పున్నమి.”

ప్రాణభయంలోనే ప్రభుత్వ భాష పరిపక్వమవుతుంది. విశ్వపతిరావు గారు గట్టు మీద చతికిలబడి, మోకాలి మీద కాగితం పెట్టుకుని, అయిదవ ఉత్తర్వు రచించారు: ‘సుభద్ర అను నౌక యొక్క ముక్కు ఏ దిశయందున్నను ఆ దిశను ఆ నౌక మట్టుకు తూర్పుగా భావించవలెను.’ ముద్ర వేశారు. దివాకరం గారు దిక్సూచిని జేబులో పెట్టి బొత్తం పెట్టుకున్నారు.

అప్పుడు కాసులమ్మ వెనక్కి తిరిగి, “మంగా, కోడలిని తీసుకురావే. ఖాళీ ఉంది,” అంది.

మంగాయమ్మ పడవను చూసింది, నీటిని చూసింది. నిరుడు ఇదే చోట కట్టిన అరటిబోదెల తెప్ప ఆమెకు గుర్తు రాకుండా ఉండదు. ఆమె వెళ్లి కోడలిని నడిపించుకువచ్చి, పడవ నడుమ, సహాయ సంచాలకుల వారి పక్కన కూర్చోబెట్టింది.

మేట తల దగ్గర సుభద్ర ఒక్కసారి ఊగి, చుక్కానికి లొంగి, ముక్కు దక్షిణానికి తిప్పింది. అధికారులిద్దరూ కళ్లు మూసుకున్నారు. కాసులమ్మకు మూసుకునే వీలు లేదు. చుక్కాని ఆమె చేతిలో ఉంది. మేట పక్కకు జారిపోయింది. పడవ మేట దిగువ కొస చుట్టి, ఒడ్డువార నెమ్మదినీటిలోకి చేరి, కోటరేవు మెట్లకు ఆనింది. మంగాయమ్మ కోడలు మెట్లెక్కుతూ, “అధికారిగారు నొక్కీ నొక్కీ నా చెయ్యి కమిలిపోయింది అత్తా,” అంది.

నాలుగో రోజు ఆసుపత్రిలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది.

విభాగం ఈ సంఘటన నుంచి తగిన పాఠమే నేర్చుకుంది. దక్షిణ ముఖంగా సాగిన ప్రయాణంలో ప్రాణనష్టం లేకపోవడానికి కారణం అయిదవ ఉత్తర్వేనని నిర్ధారించి, దాన్ని రాష్ట్రంలోని అన్ని పడవలకూ వర్తింపజేసింది. విశ్వపతిరావు గారికి పదోన్నతి వచ్చింది. సాయంకాలపు పడవలో లంకకు తిరిగి వెళ్లేవారికి సూర్యుడు తూర్పున అస్తమిస్తున్నట్లు ఒక ఫిర్యాదు అందగా, తగు చర్య నిమిత్తం వాతావరణ శాఖకు పంపించారు.

గొలుసుల అవసరం తీరిపోవడంతో కాసులమ్మ సుభద్రను అన్ని పడవల్లాగే తోక వదిలేసి, ఒక్క ముక్కుతాడుతో లంక రేవులో కట్టింది. ఎర్రనీటి మొదటి ఉధృతి తగ్గి, సముద్రపు పోటు మళ్లీ రేవుదాకా ఎక్కిరావడం మొదలైన రోజున, ఆమె గట్టు మీద కూర్చుని వల బాగుచేసుకుంటోంది. తెడ్డు ఎవరూ ముట్టలేదు. పడవ తనంతట తానే మెల్లగా కదిలి, అర్ధచంద్రాకారంగా తిరిగి, దక్షిణం చూస్తూ నిలబడింది.

“అక్కా! తిరిగిందే!” అని మంగాయమ్మ చేతిలో బుట్ట వదిలేసింది.

కాసులమ్మ చేతిలో వల ఆగింది. ఇద్దరూ లంకలోకి చెవి ఒగ్గి, ఏ ఇంటినుంచి ఏడుపు వస్తుందోనని కూర్చున్నారు. ఎవరో రోట్లో ఏదో దంచుతున్నారు. ఒక ముసలాయన దగ్గి, ఆపై గట్టిగా ఎవరినో తిట్టాడు. ఎండ వాలింది. పోటు ఆగి పాటు తీయడంతో పడవ వచ్చినదారినే తిరిగి, ఉత్తరం చూసింది.

ఆ పాయ దక్షిణానికి పారి సముద్రంలో కలుస్తుంది. ముక్కుతాడుతో కట్టిన పడవ నీరు ఎటునుంచి వస్తే అటు చూస్తుంది: పాటుకు ఉత్తరం, పోటుకు దక్షిణం. వరద ఉధృతి లేని రోజుల్లో పోటు రోజుకు రెండుసార్లు వస్తుంది. శాఖవారు గొలుసులు వేయకముందు సుభద్ర వారి రేవులో ముక్కుతాడుతోనే ఉండేది. ఆ ఏళ్లన్నిటిలోనూ, ఎవరు చచ్చినా, ఎవరు పుట్టినా, రోజుకు రెండుసార్లు దక్షిణం చూసింది.